ఏడో రికార్డింగుల తిమింగలం

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఇయ్యాల గూడ బందే. దిల్‌సుఖ్‌నగర్‌ల షట్టర్లన్నీ దించిండ్రు, ఎల్బీనగర్ చౌరస్తాల ధర్నాకు కూసున్నరు. ఊరి నుంచి ఒచ్చిన బస్సును హయత్‌నగర్‌లనే ఆపితే, బాపు నీ ఫొటోకు దండ పట్టుకొని నా రూం దాక నడుసుకుంట ఒచ్చిండు.

పొద్దుగాల మీ రీసెర్చి సార్ ఫోన్ చేసిండు. సముద్రంల మైకు దించి నువ్వు పట్టుకొచ్చిన రికార్డింగులల్ల, ఏడోదాంట్ల నిజంగనే తిమింగలం కూత ఉన్నదట. జరంతోని పండుకొని గూడ నువ్వదే అన్నవ్. అప్పుడెవలూ నమ్మలే.

"చాలా శుభ్రంగా ఉందమ్మా, మనిషి అలికిడే లేదు," అన్నడు సార్.

ఎట్లుంటది? మైకు నీళ్లల్లకు దించేముందు ప్రతిసారి నువ్వు తేదీ, జాగ, లోతు చెప్తుంటివి. నువ్వు పోయే నెల ముందు, గిట్లనే ఒక బంద్ నాడు, ఆ మాటలు తీసెయ్యమని నాకు పని చెప్పినవ్. నేను కాపీ చేసుకోకుంట అసలు ఫైళ్లనే కోసిన. తప్పు తెలిసి నేను పరేషానైతే నువ్వు నవ్వినవ్.

"అన్నీ నోట్‌బుక్‌ల రాసుకున్న తియ్యే. నా గొంతెవలికి కావాలె?" అన్నవ్.

గీ ముచ్చట బాపుకు తెల్వది. దండ ఏసినంక, "ఒక్కసారి పెట్టు బిడ్డా, అక్క మాట ఇంట," అన్నడు. లేదని చెప్పబుద్ధి కాలే. ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవుల, ఒకటి నా చెవుల పెట్టిన. నీళ్ల చప్పుడు, తిమింగలం, మల్ల నీళ్ల చప్పుడు.

బాపు కండ్లు మూసుకొని ఇన్నడు. ఆఖరి రికార్డింగు గూడ అయిపోయింది.

"బిడ్డ ఎప్పుడు మాట్లాడ్తది?" అని అడిగిండు.