గడపకు ఒక అడుగు ముందు

జూన్ 4
ఆవిడకి రెండో కన్ను కూడా పోయింది. సుగర్ అన్నాడు డాక్టరు. పోనీలెండి, మీ మొహం చూసే శ్రమ తప్పింది అంది ఆవిడ. నవ్వాను. వినపడాలి కదా, కాస్త గట్టిగానే నవ్వాను.

జూన్ 9
బాత్రూమ్ పెరట్లో ఉంది. మంచం దగ్గర్నుంచి నలభై అడుగులు. నా చెయ్యి పట్టుకుని వెళ్ళడానికి ససేమిరా అంటుంది. నలభై ఆరేళ్ళు కాపరం చేశాక సిగ్గేమిటే అన్నాను. కాపరం వేరు, ఇది వేరు అంది. వెళ్ళాల్సిన అవసరం రాకూడదని రెండు రోజులుగా నీళ్ళు తాగడం మానేసింది. ఆవిడ చెప్పలేదు. కూజా చెప్పింది.

జూన్ 10
ఐడియా. గోడ వెంట నడుం ఎత్తున స్టీలు తాడు కడతాను. దానిమీద అక్కడక్కడ అల్యూమినియం స్లీవులు, అంటే చిన్న గొట్టం ముక్కలు, నొక్కుతాను. ఒకటి తగిలితే, ఒక్క అడుగు వేశాక గడప. రెండు తగిలితే మెట్టు. మూడైతే బాత్రూమ్ తలుపు. వేళ్ళకి అక్షరాభ్యాసం అన్నమాట. నాదీ బడి చదువు కాదు. సైకిల్ షాపులో పంచర్లు వేస్తూ పాత పేపరు పొట్లాలు చదివి నేర్చుకున్నదే. పొట్లంలో ఏ కథైనా సగంలోనే తెగిపోయేది. మిగతా సగం ఎవరింటికి వెళ్ళిందో అని బెంగ పెట్టుకునేవాణ్ణి.

జూన్ 12
స్లీవులు చవకే. వాటిని నొక్కే క్రింపింగ్ టూల్ ధర వింటే కళ్ళు తిరిగాయి. పట్టకారుతో నొక్కుకో తాతా అన్నాడు షాపువాడు. నొక్కాను. ఆవిడ రెండు వేళ్ళతో లాగితే జర్రున జారి నా ఒళ్ళో పడింది. మీ మాటలాగే ఉంది, పట్టు లేదు అంది.

జూన్ 15
నొక్కే టూల్ సొంతంగా చేసుకుందామని బావమరిది లేత్ షాపుకి వెళ్ళాను. రెండు ఇనుప బద్దల మధ్య పల్చటి రేకు పెట్టి, వైస్‌లో బిగించి, సరిగ్గా అతుకు మీద డ్రిల్ చేయించాను. రేకు తీసేస్తే బద్దకి సగం చొప్పున గాడి. రేకు మందం ఎంతో నొక్కుడు అంత. అటూ ఇటూ బోల్టులు. గాడిలో స్లీవు పెట్టి, స్పానరుతో బోల్టులు తిప్పితే అది తాడుని కరుచుకోవాల్సిందే. మొత్తం ఖర్చు రెండు టీలు. ఇన్నాళ్ళకి మా అక్కకి నగ చేయిస్తున్నావా బావా అన్నాడు. వెధవ. ఆ తరవాత అటు తిరిగి చాలాసేపు మిషను తుడిచాడు.

జూన్ 16
బిగిసింది. నేను వేలాడినా కదల్లేదు.

జూన్ 17, ఉదయం 7
ఆవిడ పడింది. మోకాలు చిట్లింది. తప్పు నాదే. స్లీవు తగిలాక ఒక అడుగు వేసి, దాటబోయి కాలెత్తింది. గడప అక్కడ లేదు. నేను కొలిచింది నా అడుగు! నేలమీద కూచుని, మోకాలు పట్టుకుని నవ్వింది. పెళ్ళైన దగ్గర్నుంచి ముందు నడిచింది మీరు, నా అడుగు మీకెలా తెలుస్తుందండీ అంది.
ఒకసారి నొక్కిన స్లీవు మళ్ళీ జరగదు. తాడు కోసెయ్యాలి.

జూన్ 18
సుద్దముక్క పట్టుకుని ఆవిడ వెనక నడిచాను. అడుగు అడుగుకీ గీత. నాకు నలభై, ఆవిడకి అరవై ఏడు. ఎడమకాలు కాస్త ఈడుస్తోంది. ఎప్పట్నుంచి అని అడిగాను. చాలా ఏళ్ళయిందిలెండి అంది.

జూన్ 20
కొత్త తాడు, ఈసారి ఆవిడ అడుగు కొలతకి. ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే వచ్చింది. వచ్చి, కూజా ఎక్కడ అని దర్పంగా అడిగి, రెండు గ్లాసులు తాగింది.

జులై 29
ఆస్పత్రి నుంచి ఒక్కణ్ణే వచ్చాను.

ఆగస్టు 11
తాడు తీసేద్దామా బావా అన్నాడు బావమరిది. స్లీవులు ఊడవు, కొయ్యాలి అన్నాను. కట్టర్ తెచ్చానన్నాడు. టీ ఇచ్చి పంపించేశాను.

ఆగస్టు 12
కళ్ళు మూసుకుని తాడు పట్టుకున్నాను. స్లీవు తగిలింది. అడుగు వేశాను. బొటనవేలు గడపకి కొట్టుకుంది.
వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను. చిన్న అడుగులతో, ఎడమకాలు కాస్త ఈడుస్తూ.