పదిహేడో నంబరు డబ్బా

3 జూలై

బాత్రూంకి తొమ్మిది అడుగులు. ఈ రోజు పద్నాలుగు సార్లు నడిచాను. ఇరవై రెండేళ్లు బస్సు తోలినవాణ్ణి, ఇప్పుడు నా రూటు ఇదే. కడుపులో గడ్డకి ఎక్కిస్తున్న మందు పేగు లోపలి పొరను కూడా ఒలిచేస్తోందట. తెల్లకణాలు పడిపోయాయి, గది దాటకూడదు. కిటికీ తెరుచుకోదు. మా ఆవిడ అద్దం తలుపు అవతల నిలబడి ఫోన్లో మాట్లాడుతుంది. ఏం తిన్నారు అని అడగడం మానేసింది. ఎన్నిసార్లు అని అడుగుతోంది.

4 జూలై, ఉదయం

విరేచనాలు తగ్గకపోతే తర్వాతి డోసు ఆపాలి అంది డాక్టరమ్మ. ఆపితే? గడ్డ ఊరుకోదు అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నాళ్లూ అది సామెతే అనుకున్నాను.

ఒక ట్రయల్ ఉందట. గ్లూటమిన్ అని ఒక అమైనో ఆమ్లం, పొడిగా ఇస్తారు. పేగు గోడలోని కణాలకి అది తిండిలాంటిదట, మందు దెబ్బ నుంచి కాస్తుందేమో చూడాలట. అయితే సగం మందికి ఉత్త డమ్మీ పొడి. ఎవరికి ఏది వెళ్లిందో ఆమెకీ తెలియదు. సంతకం పెట్టాను. నా డబ్బా నంబరు పదిహేడు. ఇదే గదిలో పక్క మంచం డ్రాయింగు మాస్టారిది ముప్పై రెండు. అదే గడ్డ, అదే మందు.

9 జూలై

పన్నెండు సార్లు. నోటినిండా పుళ్లు. మాస్టారు రెండుసార్లే వెళ్లారు, పైగా బ్రెడ్డు నమిలి తింటున్నారు. నా పొడి తియ్యగా ఉంది, మీది ఎలా ఉంది మాస్టారూ అని అడిగాను. నా నాలుక చచ్చి నెలయింది నాయనా, సున్నం కలిపిచ్చినా తాగేస్తాను అన్నారు.

నాది డమ్మీ. అనుమానం లేదు.

10 జూలై

డమ్మీయే.

11 జూలై, ఉదయం 10:40

మాస్టారిని స్కానింగుకి తీసుకెళ్లారు. నంబర్లు డబ్బాల మీదే ఉన్నాయి, లోపలి ప్యాకెట్ల మీద లేవు. మంచం పక్కన ఆయన డబ్బా ఉండే అర తెరిచాను. అటువి ఇటు, ఇటువి అటు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నా బస్సులో ఎవరైనా పర్సు కొట్టేస్తే బండిని తిన్నగా స్టేషనుకి తిప్పినవాణ్ణి నేను.

11:30

తిరిగొచ్చారు. ముఖం అలా ఉందేం, నొప్పిగా ఉందా అని అడిగి తన దిండు ఒకటి నాకిచ్చారు.

14 జూలై

ఏడు సార్లు.

16 జూలై

నాలుగు. మా ఆవిడ అద్దానికి అరచెయ్యి ఆనించి సంతోషంతో ఏడ్చింది. తల తిప్పేసుకున్నాను. పొద్దుటి నుంచి బాత్రూం మాస్టారిదే అయిపోయింది.

17 జూలై

ఆయనకి జ్వరం. విరేచనంలో నెత్తురు. ఐసీయూకి తీసుకెళ్లారు. వెళ్తూ, నా కళ్లజోడు కాస్త చూస్తూ ఉండు అన్నారు.

గదిలో నేనూ, కళ్లజోడూ.

18 జూలై

బెల్లు కొట్టి సిస్టరుకి చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిడితే బావుండేది. డాక్టరమ్మ పైవాళ్లతో మాట్లాడి ఇద్దరి నంబర్ల గుట్టూ తెరిపించింది.

ముప్పై రెండు డమ్మీ. అసలు పొడి పదిహేడులోదే.

అంటే నేను దొంగిలించింది డమ్మీని. అసలుది తాగిన మనిషి ఐసీయూలో ఉన్నాడు. మరి నాకెలా తగ్గింది అని అడిగాను. ఒక్కొక్కరి పేగు ఒక్కోలా కోలుకుంటుంది, ఇద్దర్ని చూసి తేల్చేయగలిగితే అంతమందితో ట్రయల్ ఎందుకు అంది. మాస్టారికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందట. మీరు ప్యాకెట్లు మార్చడం వల్లేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను అంది. ట్రయల్లోంచి నన్ను తీసేశారు. నా వల్ల ఆయన్నీ తీసేశారు.

కాదనీ చెప్పలేను. తలుపు వేసి ఉన్న గదిలో, నేనూ ఈ మాటా.

24 జూలై

మాస్టారు తిరిగొచ్చారు, సగం మనిషై. సిస్టరు ఇంకా చెప్పలేదట. నేనే చెప్పాను, మంచం పక్కన నిలబడి, మొత్తం. అడిగితే ఇచ్చేవాణ్ణి కదయ్యా అన్నారు. అటు తిరిగి పడుకున్నారు.

25 జూలై

కళ్లజోడు తుడిచి ఆయన దిండు పక్కన పెట్టాను.

26 జూలై

రేపు నాకు డోసు. మాస్టారు సిస్టరుతో చెప్పి తన అరకి తాళం పెట్టించుకున్నారు. నీ దగ్గరే ఉంచు అంటూ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు.