గిర్నీలో కారం మెషిన్

ఫిబ్రవరి 9
పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మా అమ్మాయి దీపకి ఆఫీసు సెలవు. పోచారంలో పెద్ద కంపెనీలకు చేసే రివ్యూ ఏదో నాచారంలో మన పిండి గిర్నీకి కూడా చెయ్యి బిడ్డా అన్నాను. గోధుమ, బియ్యం, కారం, మూడు మెషిన్లు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? వచ్చినవాళ్లందరినీ అడిగి ల్యాప్‌టాప్‌లో కొట్టుకుంది.

కారం మెషిన్ తీసెయ్యమంటుందని నా ఆశ. ఆ ఘాటుకి మా ఆయన ఛాతీలో పిల్లికూతలు. దుమ్ముకి దూరంగా ఉండమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

ఫిబ్రవరి 10
రివ్యూ అయింది. అమ్మా, మన కోర్ ప్రోడక్టే కారం, ఉప్పల్ నుంచి ఆడోళ్లు గోధుమలకు వస్తరా, బాపు పట్టే కారానికే వస్తున్నరు, అంది. ఇదా నేను కన్న బిడ్డ!

ఆయన తెగ మురిసిపోయాడు. నవ్వుతూనే దగ్గాడు. జర ఈ సీజన్ పోనియ్యి స్వర్ణా, అన్నాడు. పోయినేడూ ఇదే మాట.

ఫిబ్రవరి 13
దగ్గు. దగ్గు. దగ్గు.

ఫిబ్రవరి 18
కారం మెషిన్ అమ్మేశాను. ఆయన హబ్సిగూడలో పెళ్లికి వెళ్లిన పూట చూసి, నారపల్లిలో కొత్తగా గిర్నీ పెట్టిన దయాకర్‌ని పిలిచాను. ట్రాలీ ఆటోలో ఎత్తుకుపోయాడు.

ఆయన వచ్చి ఖాళీ చోటు చూశాడు. అరుస్తాడనుకున్నాను. పిడికెడు బియ్యం ఆడించి పంపినవా, అని మాత్రం అడిగాడు. కారం పట్టాక మెషిన్‌లో ఘాటు పోవడానికి రోజూ ఆయనే అలా చేసేవాడు. నాకు గుర్తే లేదు. గట్లనే పంపినవా, అని లోపలికి వెళ్లిపోయాడు. ఏడుపొచ్చింది. తప్పు చేశానా?

ఫిబ్రవరి 21
ఉప్పల్ నుంచి మల్లవ్వ మిరపకాయల సంచీతో వచ్చి, మీ ఆయన కనకరాజు పట్టని కారం మేమేం తింటమే అని నన్ను నానా మాటలూ అంది. అననీ. మనిషి ఉంటే చాలు నాకు.

ఫిబ్రవరి 27
ఆయన రోజూ మధ్యాహ్నం వాకింగ్ అంటున్నాడు. డాక్టర్ చెప్పిండు గదా, అంటాడు. బుద్ధొచ్చిందనుకున్నాను. మరి పిల్లికూతలు తగ్గవేం? కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఏం చెయ్యాలో తోచదు.

మార్చి 3
మల్లవ్వ ఇవాళ గోధుమలు పట్టించడానికొచ్చింది. మస్తు ఖుషీగా ఉంది. కారం దొరికిందట, అచ్చం కనకరాజు పట్టినట్టే. ఎక్కడ అంటే, నారపల్లిల, అంది.

మార్చి 3, సాయంత్రం
వాకింగ్ నుంచి వచ్చాడు. చొక్కా ఇవ్వు ఉతుకుతానని దగ్గరికెళ్లాను. నాకు తుమ్ము మీద తుమ్ము.

ఆయన తల దించుకున్నాడు. జర ఈ సీజన్ పోనియ్యి స్వర్ణా, అన్నాడు.