గుమ్మంలో విప్పిన బూట్లు

నవంబర్ 4, బ్యాంకాక్

ఒక్కదాన్నే దిగాను. నా బాయ్‌ఫ్రెండ్ మతియాజ్ అనుకున్నట్టు నేనేమీ ఏడవలేదు.

రెండేళ్ళు కలిసి ప్లాన్ వేసి, టికెట్లు కొన్నాక రానన్నాడు. సరే, నేనొక్కదాన్నే పోతానంటే నవ్వాడు. "నెజా, నువ్వు మన లుబ్లియానా బస్టాండులోనే దారి తప్పుతావు. మూడో రోజుకి ఇంట్లో ఉంటావు చూడు" అన్నాడు. ఆ మాట మా అమ్మ ముందు అన్నాడు. అమ్మ కూడా నవ్వింది.

అందుకే వచ్చాను. చియాంగ్‌మాయ్ వెళ్ళి కొండెక్కి, శిఖరం మీద నిలబడి ఫోటో తీసి వాడి మొహాన కొడతాను. అంతవరకు రోజుకో ఫోటో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. వాడు కుళ్ళి చావాలి.

హాస్టల్ బావుంది. ఆడవాళ్ళ డార్మ్, నాది పై బెర్తు. నడిపేది పీ తుక్. పీ అంటే అక్క, ఆవిణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. బూట్లు గుమ్మంలోనే విప్పమంది. మా ఊరు క్రాన్‌లో కూడా అంతే. అక్కడే అర మీద రకరకాల చెప్పులు పెట్టారు. నావి మగవాడి పాదాలు, ఆకుపచ్చ రబ్బరు జత ఒక్కటే పట్టింది. అవి వేసుకుని లోపలికి నడిచాను. మా ఇళ్ళల్లో గుమ్మం దగ్గర చుట్టాల కోసం బుట్టెడు చెప్పులుంటాయి, వట్టి కాళ్ళతో ఎవర్నీ లోపలికి రానివ్వం. ఇక్కడి వాళ్ళకీ మర్యాద తెలుసు.

నవంబర్ 5

కింది బెర్తు పిల్ల హారియెట్. ఇంగ్లీషు పిల్ల, నాకంటే పొడుగు. తనూ చియాంగ్‌మాయే పోతుందట. నేను బాత్రూములోంచి వస్తుంటే నా కాళ్ళ వంక చూసి, చెప్పులు సుఖంగా ఉన్నాయా అని అడిగింది. బ్రహ్మాండంగా ఉన్నాయి, నువ్వూ ఒక జత తీసుకో, వట్టి కాళ్ళతో ఎందుకు తిరుగుతావు అన్నాను. సారీ చెప్పి వెళ్ళిపోయింది. ఎందుకో సారీ.

మతియాజ్‌కి పడవలో ఫోటో. చూశాడు. జవాబు లేదు. కడుపు చల్లబడింది.

నవంబర్ 6, పొద్దున్న

బూట్లు లేవు.

మధ్యాహ్నం

అర కింద, అర వెనక, చెత్తబుట్టలో, అన్నిచోట్లా వెతికాను. రెండు వేసవులు మా కొండల మీద తొక్కి తొక్కి మెత్తబడిన బూట్లవి. కొత్తవి కొంటే నెల రోజులు కరుస్తాయి. కరిచే బూట్లతో కొండెక్కడం నావల్ల కాదు. కొండ లేకపోతే ఫోటో లేదు. ఫోటో లేకపోతే వాడన్నదే నిజం.

డార్మ్‌లో అందరూ అయ్యో పాపం అన్నారు. హారియెట్ మాత్రం నవ్వు బిగబట్టి, అడక్కుండా ఒకరి వస్తువు తీసుకోవడం ఎంత ఘోరమో కదా అంది. ఒళ్ళు మండిపోయింది. అదే తీసింది. ఆ నవ్వే సాక్ష్యం.

అడగను. అడిగితే లేదంటుంది. దీని అంతు వేరే రకంగా చూడాలి.

నవంబర్ 7

దిక్కులేక ఆ ఆకుపచ్చ చెప్పులతోనే ఊరంతా తిరుగుతున్నాను. హాస్టల్ సొత్తు బయటికి తీసుకెళ్ళకూడదని తెలుసు. అయినా పీ తుక్ ఏమీ అనలేదు, పాపం నన్ను చూసి జాలిపడి ఉంటుంది. హారియెట్ మాత్రం మెట్ల మీద వట్టి కాళ్ళతో నిలబడి నన్ను కొరికేసేలా చూసింది. బూట్లు కొట్టేసింది చాలక గుర్రుగా చూడ్డం కూడానా!

మతియాజ్ మెసేజ్ పెట్టాడు. ఎప్పుడొస్తున్నావు, ఎయిర్‌పోర్టుకి రానా అని. పళ్ళు నూరుకున్నాను. గుడి ముందు నవ్వుతూ ఫోటో పంపాను. నడుము పైభాగం మాత్రమే.

పీ తుక్‌కి ఒకే ఒక రూలు మీద పట్టుదల. డ్యూరియన్ పండు గడప దాటకూడదు. ఆ కంపు పరుపులకి పట్టిందంటే వారం దాకా వదలదు. తెచ్చినవాళ్ళని అక్కడికక్కడే గెంటేస్తుంది. ఇప్పుడు సీజను కాకపోయినా చైనాటౌన్‌లో దొరుకుతుంది.

నవంబర్ 8, పొద్దున్న

రెండు తొనలు. హారియెట్ సంచీ పక్క జేబులో, తువ్వాలు కింద. చాలా ఆనందంగా ఉంది. రాయకూడదేమో కానీ ఉంది.

మధ్యాహ్నం

మొదట్నుంచీ రాయాలి.

గంటలో డార్మ్ అంతా గుప్పుమంది. పీ తుక్ మెట్లెక్కి వచ్చి ముక్కు పట్టుకుని నేరుగా ఆ సంచీ దగ్గరికే వెళ్ళింది. గొంతు పెంచలేదు. హారియెట్‌ని సర్దుకోమని మాత్రం చెప్పి గుమ్మంలో నిలబడింది. నేను పై బెర్తు మీంచి సినిమా చూసినట్టు చూశాను. హారియెట్ వాదించలేదు. సర్దుకుంది. మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు వెనక నుంచి నా బూట్లు తెచ్చి నా పరుపు మీద పడేసింది.

"నాలుగు రోజులు నా చెప్పులేసుకుని బాత్రూముకెళ్ళావు," అంది. "మర్యాదగా అడిగితే ఇంకో జత తీసుకోమన్నావు. ఎవరివి తీసుకోవాలి? నా కాళ్ళకి ఈ ఊళ్ళో చెప్పులు దొరకవు."

గుమ్మంలో అర కళ్ళ ముందు తిరిగింది. అన్ని సైజులు, అన్ని రంగులు. అవి చుట్టాల కోసం పెట్టినవి కావు. లోపలున్న ఒక్కొక్కరూ విప్పుకున్నవి. ఇక్కడ లోపల అందరూ వట్టి కాళ్ళతోనే తిరుగుతారు. నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను.

సిగ్గేసింది. సిగ్గుకంటే కోపమే ఎక్కువేసింది. అవి నా చెప్పులు అని ఒక్క ముక్క అనడానికేం రోగం? ఆ మాటే అడిగాను. "నువ్వూ నా బూట్లేవీ అని అడగలేదుగా," అంది.

డ్యూరియన్ నేనే పెట్టానని చెప్పేశాను. తెలుసట. నా చేతులు ఇంకా కంపు కొడుతున్నాయట.

మేమిద్దరం మర్చిపోయింది ఏమిటంటే, పీ తుక్ ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆవిడకి ఇంగ్లీషు బాగా వచ్చు. నన్నూ సర్దుకోమంది.

చెప్పులు కడిగి ఇస్తానన్నాను. హారియెట్ వాటిని చూసి, నాలుగు రోజులు బాత్రూముల్లో తొక్కినవి నాకొద్దని నడిరోడ్డు మీద వదిలేసింది. నేను తీసుకున్నాను. స్టేషను దాకా తను ముందు, నేను వెనక. తను వట్టి కాళ్ళతోనే నడిచింది, నాకు కనబడాలని.

సాయంత్రం, చియాంగ్‌మాయ్ రైలు

కింది బెర్తు హారియెట్‌ది.

చెప్పులు స్టేషను కుళాయి దగ్గర సబ్బు పెట్టి కడిగాను. తన బెర్తు కింద పెట్టాను. చూసింది. తీసుకోలేదు, తన్నలేదు.

మతియాజ్‌కి ఇవాళ ఫోటో పంపలేదు. ఇప్పుడే గుర్తొచ్చింది.

బూట్లు విప్పకుండానే పడుకుంటున్నాను.