మీ అమ్మ పాటలకు కొత్త పాస్‌వర్డ్

శ్యాంబాబూ,

మన ఇంట్లో పాటలు దాచే సర్వర్ పాస్‌వర్డ్ మార్చావు, నాకు చెప్పలేదు.

పాలకొల్లు మీ మేనత్త ఇంటికి వెళ్తున్నాను. ఎల్లుండి వస్తాను. ఈలోగా అందులో నా పేరున వేరే లాగిన్ పెట్టు. మీ అమ్మ చర్చిలో పాడిన పాటల ఫోల్డర్ ఒక్కటి తెరుచుకుంటే చాలు. చెరిపే వీలు నాకు ఇవ్వకు. చెయ్యి జారితే ఆ గొంతు మళ్లీ రాదు. వినడానికి మాత్రం ఇవ్వు.

పాతది క్యాలెండర్ మీద రాసింది మీ అమ్మే, పాటలు వినాలనుకునే చుట్టాలు అడగడానికి మొహమాటపడతారని. ఆవిడ పోయాక నువ్వు మార్చడం తప్పనను. కానీ కోడలు వినీలతో ఏమన్నావు? “నాన్నగారికి చెప్తే ఇంకో క్యాలెండర్ మీద రాసేస్తారు” అన్నావు. నేను వరండాలోనే ఉన్నాను.

పదకొండు రోజులుగా సాయంత్రం కూర్చుని పాతదే కొడుతున్నాను. తప్పు అంటోంది. నిన్ను అడగబుద్ధి కాలేదు.

నా లాగిన్ పాస్‌వర్డ్ నోటితో చెప్పు. ఎక్కడా రాసుకోను.

పులుసు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి.

పాత క్యాలెండర్ గోడ మీద నుంచి తియ్యకు. ఆ పాస్‌వర్డ్ పనికిరాకపోయినా అది మీ అమ్మ చేతిరాత. ఈ సంగతి నేను మళ్లీ ఎత్తను. నువ్వు ఎత్తినా పలకను.