ఆ ఒక్క పాఠకుడు

బావగారికి నమస్కారాలు.

మన దేశంలో బ్లాగులు ఎందుకు పుంజుకోవడం లేదనీ, పోయిన మా తమ్ముడు తన బ్లాగులో ఏం రాసేవాడనీ అడిగారు. బస్సు డిపోలో తన పని గురించీ, అక్కడి లోటుపాట్ల గురించీ రాసేవాడు. చదివింది ఒక్కరేనని బ్లాగులో ఎప్పుడూ లెక్క చూపించేది. "ఆ ఒక్కడూ బావే అక్కా, చదువుతున్నానని నాతో అన్నాడు" అని నవ్వేవాడు. చివరికి విసుగొచ్చి మానేశాడు.

వాడు పోయిన రోజు డిపో మెకానిక్కులంతా వచ్చారు. డిపోలో భోజనాల వేళ ఒకడు వాడి బ్లాగు ఫోన్‌లో పైకి చదువుతుంటే మిగతావాళ్ళు చుట్టూ చేరి వినేవారట.

"బాగుందని ఒక్క ముక్క రాయలేకపోయారా?" అన్నాను.

"పేరు కనిపిస్తే మేనేజరు బతకనిస్తాడా అమ్మా?" అన్నారు.

బావగారూ, చదవడం లేదని మీరు నిజం చెప్పి ఉంటే, ఆ ఒక్కరూ ఎవరా అని వాడు వెతుక్కునేవాడు.

మీ మరదలు