మా అమ్మాయికి వచ్చిన తొంభై నాలుగు మార్కులు రద్దు చేయుట గురించి

చెన్నై-1,
22-4-1998.

పంపువారు: కె. జనార్దనం, మిరపకాయలు, చింతపండు టోకు వర్తకుడు, జార్జి టౌన్.

శ్రీయుత విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: మా కుమార్తె చి. సంయుక్త (వయస్సు 8)కు బుద్ధి పరీక్షలో వచ్చిన తొంభై నాలుగు మార్కులను రద్దు చేసి, ఆమె బడిలో నిలుచుటకు తగిన సహాయ పత్రము మంజూరు చేయవలెనని కోరుట.

తమరు తెలుగువారని తమ గుమాస్తా కన్నియప్పన్ గారు చెప్పగా ఈ అర్జీని తెలుగులో, నా చేతితోనే రాసుకొనుచున్నాను. ఇంతకుముందు ఇచ్చిన మూడు అర్జీలు హైకోర్టు ఎదుట టైపు కొట్టించినవి. వాటిలో నేను చేసిన తప్పు రాయలేదు, దాచినాను. ఇందులో ఉన్నది.

1. సదరు సంయుక్తకు ఆటిజం అని మూడేండ్ల కిందట డాక్టరు గారు చెప్పినారు. బిడ్డకు చదవడం వచ్చు. తెలుగు, తమిళం, బస్సు బోర్డులు, పేపరు, ఏది కనబడితే అది చదువుతుంది. అయితే బడి గంట కొడితే చెవులు మూసుకొని బెంచీ కిందికి దూరుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తన చేయి తానే రక్తం వచ్చేటట్టు కొరుక్కుంటుంది. కొత్త ప్రశ్న నోటితో అడిగితే జవాబు రాదు, పలక ఇస్తే రాస్తుంది. వల్లె వేయించినది మాత్రం ఎప్పుడడిగినా ఒక్క అక్షరం పోకుండా చెప్తుంది.

2. క్లాసు టీచరు వాసంతి గారు చాలా మంచి మనిషి. ఆమె ఒక తెల్లకాగితం మీద ఐదు వరుసలు రాసినారు. గంటకు ముందు బిడ్డకు చెప్పుట, గోడ పక్కన చోటు, ఒకసారికి ఒకే ప్రశ్న, నోటి పరీక్షకు బదులు రాత, చేయి కొరికితే పది నిమిషాలు వరండాలో కూర్చోబెట్టుట. ఆ కాగితం ప్రకారం నడిచిన రెండు నెలలు బిడ్డ చేతి మీద కొత్త గాటు పడలేదు. మేము అడుగుచున్నది ఆ ఐదు వరుసలే అయ్యా, పల్లకీ కాదు. హెడ్‌మిస్ట్రెస్ గారు చూచి, సర్కారు ముద్ర లేనిదే ఒక బిడ్డకు ఒక తీరు కూడదని ఆపించినారు. జూన్ ఒకటో తేదీ లోపల ముద్ర పడిన కాగితం తేకపోతే టీసీ ఇచ్చి పంపుదుమని రాసిచ్చినారు. నకలు జతపరచడమైనది.

3. ముద్ర కొరకు తమ ఆఫీసుకు వస్తిని. సర్టిఫికెట్ తెమ్మన్నారు. సర్టిఫికెట్ కొరకు ఆసుపత్రికి పోతిని. 1995 వికలాంగుల చట్టం పట్టీలో ఏడు రకాల లోపాలే ఉన్నవి, ఆటిజం లేదు, మందబుద్ధి కింద చూడవచ్చును, బుద్ధి పరీక్షకు పిలుచుకొని రమ్మన్నారు. ఎంత వస్తే సర్టిఫికెట్ ఇస్తారని నేను అడగలేదు. పరీక్ష అన్నాక ఎక్కువ రావలెననే కదా ఎవడైనా అనుకొనేది!

4. నా తప్పు ఇక్కడ మొదలు. ఈ ఊళ్లో ఎల్‌కేజీ సీటుకే బిడ్డలను ఇంటర్వ్యూకు తయారు చేస్తారు. ఇది కూడా అటువంటిదే, బిడ్డ బాగా చెప్తే దొరలు బాగా చూస్తారు అనుకొన్నాను. వరుసగా మూడు మంగళవారాలు అంగడి మూసి, ఆసుపత్రిలో ఆ పరీక్ష పెట్టే గది ఎదుట బెంచీ మీద కూర్చొని, బయటికి వచ్చిన తల్లిదండ్రులందరినీ లోపల ఏమి అడిగినారు, ఏ బొమ్మ చూపినారు అని విచారించి నోటుబుక్కు నిండా రాసుకొంటిని. బజారులో పక్క అంగడి ధర కనుక్కొనే అలవాటు మాకు పుట్టుకతో వచ్చినది. ఆ ప్రశ్నలు, జవాబులు నెల రోజులు బిడ్డ చేత వల్లె వేయించితిని.

5. పరీక్షలో సంయుక్త ఎక్కడా ఆగలేదు. కొన్నింటికి ప్రశ్న పూర్తి కాకమునుపే జవాబు చెప్పిందట. తొంభై నాలుగు. బుద్ధిలో ఏ లోపమూ లేదని రాసిచ్చినారు. ఆ కాగితం తమ ఆఫీసులో చూపగా కన్నియప్పన్ గారు "తొంభై నాలుగా సార్! స్వీట్ ఎంగే?" అని మిఠాయి అడిగినారు. నేను నిజంగానే కొని తెచ్చి ఇచ్చి, ఇప్పుడు ముద్ర వేయండి అంటిని. అప్పుడు చెప్పినారు, డెబ్బైకి తక్కువ వస్తేనే సర్టిఫికెట్ అని.

ఇంటికి పోయి చెప్పగా నా భార్య పంకజం అన్న మాట తమకు రాయకూడదు, అయినా రాయుచున్నాను. "మిరపకాయ మూటకు మూతి కాడ మంచివి పెట్టి కట్టినట్టు బిడ్డను కట్టినావు గదయ్యా! ఇప్పుడు ఆడ ఎవురు మూట విప్పి చూస్తారు?" అని ఏడ్చింది.

6. ప్రస్తుతపు స్థితి: లోపం లేదు గనుక తమ ఆఫీసు ముద్ర వేయదు. ముద్ర లేదు గనుక బడి ఉంచుకోదు. పురసవాక్కంలో ప్రత్యేక బిడ్డల బడి ఒకటి ఉన్నదంటే పోతిమి. అక్కడివారు సంయుక్త పేపరు చదివేది చూచి, "ఇంత బాగా చదివే బిడ్డను ఈడికెందుకు పిలుచుకొని వచ్చినారు? మామూలు బడికి పంపండి" అన్నారు. ఎటు పోయినా తలుపు మూసే ఉన్నది. తప్పు చేసినది నేను, టీసీ బిడ్డకు.

7. మే 12వ తేదీన మరల పరీక్షకు తీసుకురావచ్చునని ఆసుపత్రివారు దయతో ఒప్పుకొన్నారు. అయితే వారి వద్ద ఉన్నది ఆ ఒక్క ప్రశ్నల పెట్టేనట, మరల అవే ప్రశ్నలు. బిడ్డ ఆ జవాబులు మరువదు. నేర్పించినది తీసివేసే విద్య నాకు తెలియదు.

కావున తమరు (అ) నా ఒప్పుకోలును సాక్ష్యముగా తీసుకొని సదరు మార్కులు చెల్లవని ఆసుపత్రికి రాయవలెను. (ఆ) మరల పరీక్ష లేకుండానే, వాసంతి టీచరు రాసిన ఐదు వరుసల మీద తమ ముద్ర వేయవలెను. (ఇ) శిక్ష వేయవలెనంటే నాకు వేయవలెను.

టైపు మిషను వెనుక దాక్కోకుండా రాసుకొన్న ఈ అర్జీని, తమ ఇంట్లోనూ బిడ్డలుంటారు గనుక, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. జనార్దనం

తా.క.: ఇంకొకటి కూడా దాచినాను. మే 12 పరీక్ష తప్పదేమోనని పది రోజులుగా, పంకజానికి తెలియకుండా, ఏమడిగినా "తెలీదు" అని చెప్పమని బిడ్డకు నేర్పినాను. బాగా నేర్చుకొనింది. సంయుక్త నన్ను మొదటిసారి "నాయనా" అని పిలిచింది పోయిన దీపావళికి, ఎనిమిదో ఏట. ఈ పొద్దు మా అత్తగారు ఊరి నుండి వచ్చి, నన్ను చూపించి, "ఈయన ఎవురు పాపా?" అని అడిగింది. బిడ్డ "తెలీదు" అనింది. అప్పటి నుండి నేనెవరని నేనే అడుగుతా ఉన్నాను అయ్యా. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తా ఉంది.